ఎదురుపూస

నీలాటిరేవులో దిగింది మొదలు డాక్టర్ వాగ్దేవిని ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఎంత చోద్యం! పేరుకు తెలుగువాళ్ళ ఊరు. అరవై దాటిన ఆడమనిషి, కొత్త ముఖం, పెట్టె పట్టుకుని ఒక్కతీ సొరంగం వీధిలో నడిచి వస్తోంది. వెనకటికైతే నాలుగడుగులు పడేలోగా ఎవరమ్మా నువ్వు, ఎవరి తాలూకు, ఎవరింటికి, పిల్లలెందరు, దారిలో ఏమైనా తిన్నావా అని ప్రాణం తోడేసేవాళ్ళు. ఇక్కడ ఎదురైన ప్రతి మనిషీ ఆమె భుజం మీది గుర్తింపు బిళ్ళను ఓసారి చూశాడు, కావలసింది తెలుసుకున్నాడు, మర్యాదగా తల వంచి పక్కకు తప్పుకున్నాడు. తెలిసిపోయాక ఇంక అడగడం దేనికి?

వాళ్ళను తప్పుపట్టే మొహం వాగ్దేవికి లేదు. వాళ్ళనలా తయారుచేసింది తనే.

నీలాటిరేవు చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర, ఎండపొడ ఎరగని లోయ అంచున, నేల లోపల తొలిచిన ఊరు. ఒకప్పుడు గోదావరి ఒడ్డున బొగ్గు తవ్వినవాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పుడిక్కడ మంచు తవ్వుతున్నారు. చంద్రుడి మీది మిగతా ఊళ్ళన్నిటికీ నీళ్ళు ఇక్కణ్ణుంచే వెళ్తాయి కనక మొదట వచ్చినవాళ్ళెవరో వేళాకోళంగా ఆ పేరు పెట్టారు. పేరు నిలిచింది. నీలాటిరేవు అన్నాక ఉండాల్సిన ముచ్చట్లు మాత్రం లేవు.

దానికి కారణం చెవి వెనక అంటించుకునే కందిగింజంత పూస. దాన్ని కనిపెట్టిన రోజున వాగ్దేవి పెట్టుకున్న పేరు ఎదురుపూస.

అప్పటి లోకం ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ఏది అడిగినా క్షణంలో జవాబిచ్చే యంత్రాలు ఇంటింటా ఉండేవి. ఏడో తరగతి కుర్రాణ్ణి పదిహేనులోంచి తొమ్మిది తీసెయ్యమంటే యంత్రం వైపు చూసేవాడు. జవాబులు తిని తిని పిల్లల బుర్రలు మొద్దుబారిపోయాయి. బడిపంతులు కూతురైన వాగ్దేవికి అది చూసి ఒళ్ళు మండింది. జవాబు చెప్పని యంత్రం ఒకటి చేస్తానంది. అందరూ నవ్వారు. చేసింది.

ఎదురుపూస పని ఇంతే. తగిలించుకున్న మొదటి వారమంతా పిల్లవాడి మాటలు వింటుంది. అతని గొంతునూ మాట తీరునూ ఒక వాయిస్ మోడల్‌గా, అంటే గొంతుకు నకలుగా అల్లుకుంటుంది. ఆ తర్వాత బోన్ కండక్షన్ పద్ధతిలో, చెవి గుండా కాకుండా ఎముక గుండా, ఆ పిల్లవాడి గొంతుతోనే అతనికొక్కడికే వినిపించేలా మాట్లాడుతుంది. మాట్లాడేవన్నీ ప్రశ్నలే. పొద్దున బడికి రాగానే "ఇవాళ ఏం పట్టుకుందాం?" అంటుంది. మధ్యలో పని నిలిచిపోతే "ఎక్కడ ఆగావు?" అంటుంది. అయిపోయిందిలే అని చేతులు దులుపుకుంటే "పట్టుకున్నావని నీకెలా తెలుసు?" అంటుంది. జవాబు మాత్రం చచ్చినా చెప్పదు. ఏం నేర్చుకోవాలో పిల్లలే తేల్చుకోవాలి, ఉపాయం వాళ్ళే వెతుక్కోవాలి, పనిచేసిందో లేదో వాళ్ళే సరిచూసుకోవాలి, పనిచేయకపోతే ఇంకోటి పట్టుకోవాలి. పంతులు అడిగితే తప్పించుకోవచ్చు గాని, సొంత గొంతు అడిగితే ఎక్కడికని తప్పించుకుంటారు?

ఒక తరం తిరిగేసరికి చదువు పిల్లల చేతుల్లోకి వచ్చేసింది. పంతుళ్ళకు పని తగ్గింది, ఆ తర్వాత పంతుళ్ళే పోయారు. వాగ్దేవికి సన్మానాలు, శాలువలు, వీధులకు ఆమె పేరు. అంతా బాగానే ఉంది. ఆ పిల్లలు పెద్దవాళ్ళై లోకాన్ని నడిపే రోజులొచ్చాక ఇంకో సంగతి బయటపడింది. తమంతట తాము తెలుసుకోగలిగిన దేన్నీ వాళ్ళు ఇంకొకర్ని అడగరు. దారి అడగరు. ధర అడగరు. బాగున్నావా అని కూడా అడగరు, చూస్తే తెలుస్తూనే ఉంది కదా. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. వాగ్దేవి పదవీ విరమణ రోజున ఆమె చివరి శిష్యురాలు వంగి నమస్కారం పెట్టి, "మిమ్మల్ని అడగాల్సింది ఏమీ మిగల్లేదు మేడం" అంది. పొగడ్తగానే అంది పాపం. ఆ పూట వాగ్దేవికి అన్నం సయించలేదు.

అప్పట్నుంచి ఆమెతో రోజూ మాట్లాడే గొంతు ఒక్కటే, తన చెవి వెనకున్న పూస. అందులో ఉన్నది ముప్ఫై ఏళ్ళనాటి తన గొంతే.

"ఇవాళ ఏం పట్టుకుందాం?" అంది పూస, బడి మలుపు తిరుగుతుంటే.

"తప్పెవరిదో," అంది వాగ్దేవి పైకే. విన్నవాళ్ళు లేరు.

ఆమెను ఇక్కడికి పంపింది భూమ్మీది చదువు మండలి. ఏ పిల్లవాడైనా ఇంకొకరి దగ్గరికి వెళ్ళి జవాబు అడిగితే పూస ఆ సంగతిని మండలికి చేరవేస్తుంది. మిగతా బళ్ళలో అది ఏడాదికో ఆర్నెల్లకో జరిగే వింత. నీలాటిరేవులో మాత్రం రోజూ జరుగుతోంది. పైగా ఈ బడిలో ఇంకా ఒక పంతులు మిగిలి ఉన్నాడు, ఓదెలు అని, ముసలాయన కదా పోనీలే అని మండలి వదిలేసింది. ఇప్పుడు తేల్చాల్సింది ఒకటే. పూసల్లో లోపం ఉంటే తలవంపులు వాగ్దేవికి. లోపం లేకపోతే పంతులే పిల్లల్ని తన చుట్టూ తిప్పుకుని పాడుచేస్తున్నట్టు, అలాగైతే వచ్చే ఓడలో ఆయన భూమికి దిగిపోవాలి. ముప్ఫై ఏళ్ళు చంద్రుడి మీద తేలిగ్గా తిరిగిన ఎముకలు భూమి బరువు మొయ్యలేవు. దిగినవాడు ఇంక మంచం దిగడు. మండలిలో అందరికీ పంతులి మీదే అనుమానం. వాగ్దేవికీ అంతే.

బడి గుమ్మంలో ఓదెలు ఎదురొచ్చాడు. బక్కపలచటి మనిషి, తెల్లటి మీసం, చెవి వెనక పూస లేదు.

"రాండ్రి మేడం, రాండ్రి! పాణం మంచిగున్నదా? ఓడల ఏమన్న తిన్నరా, లేకుంటే ఆ ట్యూబుల ముద్దనేనా?"

వాగ్దేవి అడుగు ఆగిపోయింది. తనను ఎవరైనా తిన్నావా అని అడిగి ఎంత కాలమైంది?

"తిన్నానండీ," అంది. తినలేదు.

గదిలో పిల్లలు ఎవరి మూల వాళ్ళు కూర్చుని పనిచేసుకుంటున్నారు. పెదాలు కదులుతున్నాయి గాని చప్పుడు లేదు, ఎవరి పూసతో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. వాగ్దేవి వెనక గోడకు చేరబడి నిలుచుంది. కాసేపటికి పదేళ్ళ పిల్ల ఒకతె లేచి ఓదెలు బల్ల దగ్గరికి వెళ్ళింది. లేచిన విసురుకు ఎగిరిన రెండు జడలు చంద్రుడి తేలిక బరువుకు మెల్లగా కిందికి దిగుతున్నాయి. పేరు సమ్మక్క, అందరికీ సమ్ము. వాళ్ళ నాన్న గనిలో మంచుకు రంధ్రాలు వేసే పని.

"సార్, నాకు సమజ్ అయితలేదు. మన లోయల మంచుకు వేడి పెట్టినమనుకో, అది నీళ్ళయి కిందికి ఇంకుతది గద? మరి మా అయ్యోళ్ళు మంచు దాక తవ్వుడెందుకు, కిందికెల్లి నీళ్ళు తోడుకుంటే అయిపాయె గద?"

ఓదెలు ముఖం వెలిగింది. "ఓసి నీ! మంచి మాటడిగినవ్ బిడ్డా. ఇటు రా, కూసో. హారతి కర్పూరం మూత తీసి పెడితే ఏమైతది? కరిగి నీళ్ళయితదా?"

"లేదు సార్. అట్లనే మాయమైతది."

"గదే! బయట గాలి లేదు. గాలి ఒత్తిడి లేకుంటే మంచుకు నీళ్ళయ్యే యోగమే లేదు. సీదా ఆవిరైతది, మీదికి పోతది. దాన్ని సబ్లిమేషన్ అంటరు, నేను ఉత్పతనం అంట, నువ్వు కర్పూరం యవ్వారం అను, నాకేం ఫికర్ లేదు."

అలా మొదలుపెట్టి కర్పూరం నుంచి ఇంగువలోకి, ఇంగువ నుంచి సమ్ము వాళ్ళమ్మ పోపులోకి, అక్కణ్ణుంచి మళ్ళీ మంచులోకి వచ్చాడు. పిల్ల కళ్ళార్పకుండా వింది. అవసరమైన చోటల్లా "అట్లనా సార్!" అంది. వెళ్తూ వెళ్తూ ఆయన భోజనం డబ్బా వైపు ఒక చూపు చూసింది.

"జర మందబుద్ధి పిల్లలు మేడం," అన్నాడు ఓదెలు వాగ్దేవితో, దాచుకోలేని సంతోషంతో. "రోజుకొక్కలన్న చిక్కుబడ్తరు. నేను లేకుంటే ఏమైపోదురో."

వాగ్దేవికి కోపం వచ్చింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా? ఇదిగో దొరికాడు అనుకుంది. కాని ఆ కోపం కింద ఇంకేదో గుచ్చుతోంది. మంచుగనిలో పుట్టిన పిల్లకు మంచు సంగతి తెలియకపోవడమేమిటి? చేపలు పట్టేవాడి కూతురు వల ఎందుకని అడిగినట్టుంది.

బడి వదిలాక పూసను పరీక్షించాలని చెప్పి సమ్మును తన విడిది గదికి పిలిపించుకుంది. పనిముట్టు పెట్టి చూస్తే పూస బంగారంలా పనిచేస్తోంది. తీసి తిరిగి తగిలిస్తూ, ఏదో మాటల్లో అన్నట్టుగా అడిగింది.

"మీ నాన్నవాళ్ళు మంచును మూసిన కొలిమిలోనే ఎందుకు వేడిచేస్తారే?"

"మూత లేకుంటే ఆవిరి ఎటన్న పోతది గద మేడం. బయట ఒత్తిడి సున్న, నీళ్ళయ్యే ముచ్చటే లేదు. మూసిన దాంట్ల ఆవిరిని పట్టి, సల్లగ చేసి..." అని సమ్ము నాలుక కరుచుకుంది.

వాగ్దేవి పనిముట్టు పక్కన పెట్టింది.

"మరి పొద్దున సార్‌ని ఎందుకడిగావు?"

పిల్ల కాలి బొటనవేలితో నేల రాసింది. "సార్‌కు చెప్పనని ఒట్టెయ్యిండ్రి."

"ఒట్టు."

"ఎల్లవ్వ అమ్మమ్మ, అంటే సార్ వాళ్ళ ఇంటామె, సచ్చిపోయినంక సార్ బువ్వ తినుడు బంద్ చేసిండు మేడం. బడికొచ్చి కుర్చీల కూసునేటోడు, పోయేటోడు. మేం ఏం అడగకపోతిమి. మాకన్నీ వస్తయి గద. ఒకనాడు పూస ఇయ్యాల ఏం పట్టుకుందాం అన్నది. సార్ బువ్వ తినాలె అన్న నేను."

"పూస ఏమంది?"

"ఎట్ల చేస్తవ్ అన్నది. దానికేంది, ఏం చెప్పినా గదే అడుగుతది." సమ్ముకు ధైర్యం వచ్చింది. "ముందుగాల ఇంట్లకెల్లి కూర తీస్కపోయినం. ముట్టలే. పాట పాడినం. నవ్వలే. ఎక్కడ ఆగినవ్ అన్నది పూస. ఏం జెయ్యాల్నో తెల్వకపాయె. గప్పుడే మా రాజలింగు, చిన్నోడు, భాగారాలకాడ నిజంగనే చిక్కి సార్ దగ్గరికి పోయి ఏడ్సిండు. సార్ మస్తుసేపు చెప్పిండు. గా దినం తిన్నడు మేడం! మళ్ళోపారి పెట్టించుకున్నడు!"

"మీ ఉపాయం పనిచేసిందని ఎలా తెలిసింది?" అంది వాగ్దేవి. అడిగాక గాని అది పూస మూడో ప్రశ్నేనని తనకు తట్టలేదు.

"పల్లెం జూసినం. అప్పటిసంది వంతులు పెట్టుకున్నం. గానీ ఉత్త తప్పు చెప్తే సార్ పసిగడ్తడు. మంచి తప్పు చెయ్యాలంటే పాఠం మొత్తం రావాలె మేడం. ఎవలకైనా ఆడ కాలు జారొచ్చు అనిపియ్యాలె. ఒక్క తప్పు కోసం మేం నాలుగుపార్లు చదువుతం."

వాగ్దేవి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. లక్ష్యం తామే పెట్టుకున్నారు. ఉపాయం తామే వెతికారు. ఓడారు, మార్చారు, సరిచూశారు. ఇన్నేళ్ళుగా తను ఎన్ని దేశాల్లో ఎన్ని తరగతులు చూసింది, ఎదురుపూసను ఇంత గొప్పగా వాడుకున్న పిల్లల్ని ఎక్కడా చూడలేదు. వాడుకున్నది ఒక అబద్ధం కోసం. తాడి తన్నేవాడి తలదన్నేవాళ్ళు వీళ్ళు. నవ్వు రావాల్సిన చోట ఆమెకు ఓదెలు మీద అసూయ పుట్టింది. నిజంగానే పుట్టింది. ఆయన తిండి మానేస్తే ఇంతమంది చూశారు. తను మానేస్తే చూసిందెవరు?

"సార్‌ను భూమికి దించేస్తరా మేడం?"

"ఉన్నదే రాయాలి కదమ్మా. వెళ్ళు, మీ ఇంట్లో చూస్తుంటారు."

సమ్ము గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. బల్ల మీద మధ్యాహ్నం తెచ్చిపెట్టిన భోజనం మూత తియ్యకుండా అలాగే ఉంది. పిల్ల దాన్ని చూసింది, వాగ్దేవి ముఖం చూసింది, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

వాగ్దేవి మండలికి పంపాల్సిన మాటలు చెప్పడం మొదలుపెట్టింది. "పూసల్లో ఏ లోపమూ లేదు. పిల్లలు..." అక్కడ ఆగింది. పిల్లలు ఏమిటి? తెలివైనవాళ్ళు. అబద్ధాలకోర్లు. దయగలవాళ్ళు. మూడూ నిజమే. ఏది రాసినా ఓదెలు వచ్చే ఓడ ఎక్కుతాడు.

తలుపు చప్పుడైంది. సమ్మే. పరుగెత్తి వచ్చినట్టుంది, జడలు ఇంకా కిందికి దిగలేదు.

"మేడం, నాకొకటి సమజ్ కాలే. పూస ఎముక గుండ మాట్లాడ్తది అంటరు గద. అంటే గొంతు పుట్టేది ఎముకలనే గద? మరి నా ఎముక ఇరిగి మళ్ళ అతుక్కుంటే నా పూస గొంతు మారుతదా?"

పూస ఎలా పనిచేస్తుందో పిల్లలు మొదటి తరగతిలోనే నేర్చుకుంటారు. వాగ్దేవికి అంతా అర్థమైంది. ఎంత మంచి తప్పు! గొంతు తయారయ్యే చోటునూ గొంతు ప్రయాణించే దారినీ కలిపేసింది. పాఠం క్షుణ్ణంగా వచ్చినవాళ్ళు తప్ప సరిగ్గా అక్కడ కాలు జారలేరు. అబద్ధమే. తనకోసం, ఇప్పటికిప్పుడు, పరుగెత్తుకుంటూ కట్టిన అబద్ధం.

నీ ఎత్తు నాకు తెలిసిపోయిందే, ఇంటికి పో అనాలి. నోరు తెరిచింది.

"ఎక్కడ ఆగావు?" అంది చెవి వెనక ముప్ఫై ఏళ్ళ గొంతు.

వాగ్దేవి పూస ఊడదీసి బల్ల మీద పెట్టింది.

"కూర్చో," అంది. "నువ్వు మురుకులు నములుతావు చూడు..."

"సకినాలా మేడం?"

"సకినాలే అనుకో. ఆ కరకర నీకే అంత గట్టిగా వినిపిస్తుంది, పక్కవాళ్ళకు వినపడీ వినపడనట్టు ఉంటుంది. ఎందుకు? ఆగు, చేసి చూపిస్తాను." భోజనం మూత తీసి అప్పడం ముక్క విరిచి నోట్లో వేసుకుంది. "ఇదిగో, నీకెంత వినిపించింది? నాకు తలంతా మోగింది. చప్పుడు పుట్టింది పళ్ళ మధ్య. ఎముక దానికి దారి మాత్రమే. దారి గొంతును పుట్టించదే పిల్లా!"

"అట్లనా మేడం!"

ఆ ఒక్క మాటతో వాగ్దేవికి ఆనకట్ట తెగింది. మొదటి పూస పేలిపోయిన సంగతి చెప్పింది. తొలిసారి తన గొంతు తనకే వినబడినప్పుడు భయపడి కెవ్వుమన్న సంగతి చెప్పింది. తన తండ్రి నడిపిన పలకల బడి సంగతి చెప్పింది. మధ్యమధ్య ఇంకో అప్పడం ముక్క, దాని వెనక పప్పు, దాని వెనక అన్నం. చెప్పడం అయ్యేసరికి పల్లెం ఖాళీ. సమ్ము లేచి పల్లెంలోకి ఓసారి చూసి, చక్కగా నవ్వి, "ఇప్పుడు సమజ్ అయింది మేడం" అని వెళ్ళిపోయింది.

అంతా దొంగాట. ఆ సంగతి వాగ్దేవికి తెలుసు. అయినా కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

తర్వాత పాత మాటలు చెరిపేసి మళ్ళీ చెప్పింది. "నీలాటిరేవు పూసల్లో లోపం ఉంది. తప్పు తయారీది కాదు, నా లెక్కది. పంతులికీ పిల్లలకూ దీనితో సంబంధం లేదు. సరిచేయడానికి చాలా కాలం పడుతుంది. అంతవరకూ నేను ఇక్కడే ఉండాలి."

జవాబు ఆలస్యం కాలేదు. లోపం బయటపడ్డందుకు మండలి విచారం తెలిపింది. ఎదురుపూస పక్కనుంచి ఆమె పేరు తీసేస్తామంది. పంతులిని దించే సంగతి లోపం సరిచేసేదాకా వాయిదా. ఎప్పటికి సరిచేస్తారని మాత్రం వాళ్ళు అడగలేదు, వాళ్ళూ పూసల కింద పెరిగినవాళ్ళే.

మర్నాడు పొద్దున విడిది గది బయట గుసగుసలు వినిపించాయి. సొరంగం గోడలకు రహస్యం దాచడం రాదు.

"ఇయ్యాల సార్‌కు ఎవలు?"

"నేను. నీడల పాఠం."

"మేడంకు?"

"రాజలింగును పంపుదాం. వాడు మస్తు చదివిండు రాత్రి."

వాగ్దేవి అంతా వింది. లేచి జుట్టు సవరించుకుంది. రెండో కుర్చీ మీది దుమ్ము కొంగుతో తుడిచి తన కుర్చీ పక్కకు జరిపింది. పూసను సొరుగులో పడేసింది. ఆకలి దంచేస్తున్నా, పొద్దున వచ్చిన ఉప్మా పల్లెం మూత కొంచెం పక్కకు తీసి, ముట్టుకోకుండా, తలుపు తియ్యగానే కళ్ళబడేలా బల్ల చివర పెట్టింది. ఆ తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని దిగులుగా కూర్చుంది.

తలుపు తట్టారు.

"ఎవరూ?" అంది వాగ్దేవి.